అన్నీ కలిపిన చోట

మా వివాహమై పాతికేళ్ళు నిండిన సందర్భంలో పిల్లలిద్దరూ కూడబలుక్కొని మమ్మల్ని ఒక వారంపాటు జమైకా దీవికి పంపించారు. అది 2023 జూన్ మాసం. తుపానుల ఋతువు మొదలయ్యే రోజులు గనుక అప్పుడు ధర తగ్గుతుందట. ఆ సంగతి మాత్రం మాకు ఆలస్యంగా చెప్పారు. తిరిగి వచ్చాక యాత్రాకథనం రాద్దామని కూర్చున్నాను గాని, రాస్తున్నకొద్దీ యాత్ర పక్కకు జరిగి చరిత్ర ముందుకు వచ్చింది. సముద్రపు రంగును గూర్చీ సూర్యాస్తమయాలను గూర్చీ చదవగోరే మిత్రులు ఈ టపాకు నన్ను మన్నించాలి.

మేము దిగిన చోటును 'ఆల్-ఇన్‌క్లూజివ్ రిసార్ట్' అంటారు. గది, మూడు పూటల భోజనం, మధ్యలో ఫలహారాలు, పానీయాలు, పడవ షికారు, రాత్రివేళ ఆటపాటలు, అన్నింటికీ కలిపి ముందే ఒక మొత్తం కట్టేస్తాం. ఆ తరువాత జేబులో చెయ్యి పెట్టవలసిన పని లేదు. రాగానే ముంజేతికి ఒక ప్లాస్టిక్ పట్టీ బిగించారు. అది ఊడి రాదు. వెళ్ళేనాడు కత్తెరతో కోయవలసిందే. "పాతికేళ్ళకు మళ్ళీ కంకణం కట్టారు" అని నవ్వింది మా ఆవిడ.

ఆమె ఆనందాన్ని నేను చిన్నబుచ్చలేను. పెళ్ళైన నాటినుంచీ సాయంత్రమయ్యేసరికి "రాత్రికి ఏమిటి?" అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసినది ఆమే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంతే, మానేశాకా అంతే. ఇక్కడ ఆ ప్రశ్న అడిగేవారు లేరు. మొదటి రెండు రోజులూ ఆమె సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్ల మధ్య కట్టిన వల ఊయలలో పడుకొని, ఏ పనీ లేకుండా ఉండడమెలాగో నేర్చుకొంది. నేను మాత్రం జమైకా కిన్‌కెయిడ్ 1988లో వెలువరించిన 'ఎ స్మాల్ ప్లేస్' అనే చిన్న పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళాను. రచయిత్రి పేరులో జమైకా ఉన్నా ఆమెది ఆంటిగ్వా దీవి. పుస్తకమూ దాన్ని గూర్చినదే. తన దీవికి సెలవులు గడపడానికి వచ్చినవాణ్ణి ఎదుట నిలబెట్టి నిలదీసే పుస్తకం అది. బీచిలో పడుకొని చదవదగినది కాదు. అందులోని సంగతులు ఒక్కటొక్కటే నేను చదివి వినిపిస్తూంటే మూడోనాడు ఆమె ఊయలలోంచి లేవకుండానే అంది: "ఏమండీ, పుస్తకాలు చదివి తెచ్చుకొన్న దుఃఖం మీ దగ్గరే ఉంచుకోండి. పాతికేళ్ళకు ఒక్క వారం పొయ్యి ముఖం చూడకుండా ఉన్నాను. అదీ ఉండనివ్వరా?"

న్యాయమైన మాట. పుస్తకం పెట్టెలో పెట్టేశాను. కాని చూసే కళ్ళను పెట్టెలో పెట్టడం సాధ్యం కాదు గదా.

అన్నీ కలిపి ఒకే ధర అనే ఈ పద్ధతికి మూలం విలాసం కాదు. జెరార్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశీయుడు 1950లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో, అల్కూడియా అనే చోట, సముద్రపుటొడ్డున గుడారాలు వేసి సెలవుల శిబిరం ఒకటి నడిపాడు. గుడారాలు యుద్ధంలో వాడి మిగిలినవి. అందరూ కలిసి వండుకోవడం, కలిసి తినడం, పేదా గొప్పా తేడా లేకపోవడం అందులోని ఆదర్శం. యుద్ధంలో నలిగిపోయిన ఐరోపాకు అది ఔషధంలా పనిచేసింది. క్లబ్ మెడ్ అలా పుట్టింది. అక్కడ డబ్బు కనబడకూడదని మెడలో వేసుకొన్న పూసలు ఇచ్చి పానీయం కొనుక్కొనే ఏర్పాటు ఉండేది. మా ముంజేతి పట్టీకి ముత్తాత ఆ పూసల దండే. ఆదర్శం ఎంత మంచిదైనా సముద్రం దాటేటప్పుడు రూపు మారుతుంది. కరీబియన్ చేరేసరికి ఆ పద్ధతికి ఒక ప్రహరీగోడ వచ్చి చేరింది. ఆ గోడ కథే నేను చెప్పదలచినది.

జమైకాకు విహారయాత్రికులు రావడం అరటిపండ్లతో మొదలయింది. పందొమ్మిదో శతాబ్దం చివర లొరెంజో డౌ బేకర్ అనే అమెరికన్ నావికుడు పోర్ట్ ఆంటోనియోనుంచి బోస్టన్‌కు అరటిగెలలు చేరవేసి ధనవంతుడయ్యాడు. గెలలు దించి ఖాళీగా తిరిగివచ్చే ఓడలలో మనుషులను ఎక్కించుకొంటే లాభమే గదా. వారు దిగడానికి హోటళ్ళు కావాలి. ప్రభుత్వం 1890లో హోటళ్ళకు ప్రోత్సాహమిచ్చే చట్టం చేసింది, 1891లో కింగ్‌స్టన్‌లో పెద్ద ప్రదర్శన జరిపింది. ఆ హోటళ్ళకు గోడల అవసరం అంతగా ఉండేది కాదు. మనిషి వర్ణమే గోడగా పనిచేసేది. ఇవాన్ బ్లేక్ అనే నల్లజాతి పాత్రికేయుడు 1948లో కింగ్‌స్టన్‌లోని మర్టిల్ బ్యాంక్ హోటలుకు వెళ్ళి, ఎవరి అనుమతీ అడగకుండా అక్కడి ఈతకొలనులోకి దూకాడు. నీళ్ళలో ఉన్న తెల్లవారందరూ గట్టెక్కి నిలబడ్డారు. ఆ దేశంలో అది నేటికీ చెప్పుకొనే కథ.

మరుసటి ఏడాది, 1949లో, ఉత్తర తీరాన టవర్ ఐల్ అనే హోటలును ఏబ్ ఇస్సా తెరిచాడు. ఇస్సా కుటుంబం పాలస్తీనాలోని బెత్లెహేమునుంచి వలస వచ్చిన వర్తకులు. జమైకాకు 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. మైకేల్ మ్యాన్లీ 1972లో ప్రధాని అయి సోషలిజం మాట ఎత్తాడు. క్యూబాతో స్నేహం చేశాడు. బాక్సైట్ తవ్వే విదేశీ కంపెనీలపై 1974లో పన్ను వేశాడు. చమురు ధర పెరిగి ఖజానా ఖాళీ అవుతున్న కాలమూ అదే. కింగ్‌స్టన్ పేటలలో రెండు పార్టీల అనుచరులు తుపాకులతో కాల్చుకొన్నారు. 1976లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. (మనకూ అవి అవే రోజులు, కారణాలు వేరైనా.) 1980 ఎన్నికల ఏడాది ఎనిమిది వందలకు పైగా హతులయ్యారు. అమెరికన్ పత్రికలలో ఈ వార్తలు చదివినవారు సెలవులకు వేరే దీవులు చూసుకొన్నారు. యజమానులు అప్పులు తీర్చలేక వదిలేసిన హోటళ్ళెన్నో ప్రభుత్వం నెత్తిన పడ్డాయి.

సరిగ్గా ఈ భయంలోంచే కొత్త పద్ధతి పుట్టింది. ఇస్సా కుటుంబం 1976లో నెగ్రిల్ తీరాన ఒక విహారగ్రామం తెరిచింది. పాత టవర్ ఐల్‌ను 1978 జనవరిలో 'కపుల్స్' అని పేరు మార్చి, జంటలకు మాత్రమే, అన్నీ కలిపి ఒకే ధరకు అని ప్రకటించింది. ఎయిర్ కండిషనర్ల వ్యాపారి బుచ్ స్టూవర్ట్ 1981లో మాంటెగో బే విమానాశ్రయాన్ని ఆనుకొని పాడుపడి ఉన్న బే రాక్ అనే హోటలును కొని 'శాండల్స్' తెరిచాడు. నెత్తిమీదుగా విమానాలు రొద చేస్తూ పోతూంటే అతిథులు విసుక్కొంటారని, విమానం వచ్చినప్పుడల్లా చేతులూపి, పక్కనున్న ప్రియసఖిని ముద్దుపెట్టుకోండని ఆయన ఒక వేడుకగా మార్చేశాడట! వ్యాపారదక్షత అంటే అది. జంటలంటే స్త్రీపురుషులే అన్న నియమాన్ని మాత్రం ఆ సంస్థ 2004 దాకా సడలించలేదు.

ఈ పద్ధతిలోని కిటుకు మనం సులభంగా గ్రహించవచ్చు. అతిథి తన దేశంలోనే మొత్తం సొమ్ము కట్టేస్తాడు. విమానం దిగగానే హోటలు బండి ఎక్కుతాడు, గేటు దాటి లోపలికి పోతాడు. వీధిలోకి రావలసిన పని లేదు గనుక వీధిని చూసి భయపడవలసిన పని లేదు. అన్నీ లోపలే ఉన్నాయి గనుక బయట టీకొట్టువాడి వద్దా, పండ్లమ్మే ఆవిడ వద్దా ఒక్క డాలరు మారదు. బక్షీసు కూడా ఇవ్వనక్కరలేదన్నారు. ఉద్యోగాలు వచ్చినమాట నిజం. ఆ గోడే లేకపోతే 1980 తరువాత ఆ తీరంలో హోటళ్ళు మిగిలేవి కావేమోనని కూడా నాకు అనిపిస్తుంది. గోడ కట్టినవారిని దుర్మార్గులనలేను. కాని భయం తగ్గిన తరువాత గోడ తగ్గలేదు. అది అలవాటైపోయి, చివరకు దానికే సౌఖ్యం అనే పేరు వచ్చింది.

మా రిసార్టు మాంటెగో బే పట్టణానికి తూర్పున, రోజ్ హాల్ ప్రాంతంలో ఉంది. రోజ్ హాల్ అనేది పద్దెనిమిదో శతాబ్దపు చెరకుతోట. కొండమీద దొర మేడ ఇప్పటికీ ఉంది. 1960లలో ఒక అమెరికన్ ధనికుడు బాగుచేయించాడు. కింది పొలాలలో నేడు హోటళ్ళున్నాయి. ఆ మేడకు రాత్రివేళ దయ్యాల యాత్ర నడుపుతారు. భర్తలను చంపిన తెల్ల మంత్రగత్తె కథ ఒకటి చెబుతారు. అది చాలావరకు 1929లో వచ్చిన నవల కల్పించినది. నిజంగా ఆ నేలలో చచ్చినవారి గురించి ఆ యాత్రలో చెప్పినది తక్కువ. పొరుగు తోట సినమన్ హిల్ కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ పూర్వులది. ఆంగ్ల సాహిత్యం చదువుకొన్న రోజుల్లో ఆ కవితలకు వెనుక చక్కెర ఉందని మాకెవరూ చెప్పలేదు.

అదే ప్రాంతంలో 1831 డిసెంబరు 27 రాత్రి కెన్సింగ్టన్ అనే తోటకు నిప్పంటుకొంది. శామ్యూల్ షార్ప్ అనే బానిస, బాప్టిస్టు సంఘ పెద్ద, క్రిస్మస్ సెలవు ముగిశాక కూలి ఇస్తేనే గాని చెరకు కోతకు వెళ్ళమని అందరిచేతా ఒట్టు వేయించాడు. సమ్మెగా తలపెట్టినది తిరుగుబాటుగా మారింది. దానికి బదులుగా మూడు వందలమందికి పైగా మరణశిక్షలు వేశారు. షార్ప్‌ను 1832 మే 23న మాంటెగో బే సంత వీధిలో ఉరితీశారు. మరుసటి ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ నిర్మూలన చట్టం చేసింది. నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు మంజూరు చేసింది. బానిసలకు కాదు, యజమానులకు. ఆ పద్దు కింద తెచ్చిన అప్పు 2015లో గాని పూర్తిగా తీరలేదు. లండన్‌లో ఉద్యోగం చేసి పన్ను కట్టిన మన తెలుగువారు కూడా అందులో కొంత తీర్చినట్టే లెక్క.

ఇంతవరకూ నా చదువు. ఇక మీదటిది మా ఆవిడ ద్వారా తెలిసింది.

నాలుగో రాత్రి రిసార్టులో 'జమైకా రాత్రి' అని ఒక కార్యక్రమం పెట్టారు. డప్పులు మోగాయి, ఎర్రగళ్ళ పరికిణీలు కట్టి, అదే బట్ట తలకు చుట్టుకొని అమ్మాయిలు ఆడారు. నేను పాట అర్థం చేసుకొనే ప్రయత్నంలో ఉన్నాను. పక్కనుంచి మా ఆవిడ నా మోచేయి పట్టుకొని, "ఏమండీ, ఆ గళ్ళు చూడండి. మా తాతగారి రుమాళ్ళ గళ్ళు!" అంది.

ఆమె పుట్టిల్లు చీరాల. వాళ్ళ తాతగారు మగ్గం నేసినవారు. ఆయన చేతిమీదుగా 'మద్రాసు రుమాళ్ళు' మేటర్లు కట్టి ఎగుమతికి పంపడం తాను చిన్నప్పుడు చూశానని చెప్పింది. ఎక్కడికి పోయేవని అడిగితే తాతగారు "ఆఫ్రికాకు" అనేవారట. పిల్లలు నమ్మేవారు కారు. ఆట ముగిశాక ఆమె ఒక అమ్మాయి దగ్గరికి వెళ్ళి అనుమతి అడిగి పైట చెంగును పట్టి చూసినట్టే ఆ పరికిణీ అంచు పట్టి చూసింది. "ఇది మరమగ్గానిది. గళ్ళు మాత్రం మావే" అని తీర్పు చెప్పింది. ఆ బట్టను వారు 'బండానా' అంటారు. జమైకా స్త్రీల జాతీయ వేషం అదే. మిస్ లూ అని ప్రజలు ఆప్యాయంగా పిలుచుకొన్న కవయిత్రి లూయీస్ బెన్నెట్ దాన్ని కట్టి రంగస్థలం ఎక్కి దానికి గౌరవం తెచ్చింది. 'బండానా' అనే మాటే మన దేశంనుంచి వెళ్ళినది, కట్టి అద్దకం వేయడమనే అర్థం గల హిందీ పదంనుంచి.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. మనవాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారని అడిగింది. కూలీల కథ నాకు తెలుసు, చెప్పాను. బానిసత్వం పోయాక తోటలకు మనుషులు కావలసి వచ్చి భారతదేశంనుంచి ఒప్పందం కూలీలను తెచ్చారు. బ్లండెల్ అనే ఓడ 1845 మే 10న ఓల్డ్ హార్బర్ రేవుకు చేరింది. 1917 వరకు ముప్పై ఆరు వేలకు పైగా వచ్చారు. ఎక్కువమంది కలకత్తానుంచి, తొలి ఏళ్ళలో మద్రాసునుంచి కూడా ఓడలు కదిలాయి. మద్రాసు రేవులో ఎక్కినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉండేవారు. వారు తెచ్చిన కూరపొడితో చేసే మేకమాంసం లేనిదే జమైకాలో ఏ వేడుకా జరగదు. వారితో వచ్చిన మరో మాట 'గాంజా'. బీచిలో నా చెవిలో పడిన మొట్టమొదటి పరిచిత పదం, సిగ్గుతో చెబుతున్నాను, గంజాయే.

"కూలీల సంగతి సరే. రుమాళ్ళు వాళ్ళకంటే ముందు రాలేదా?" అంది.

వచ్చాయి. ఆ సంగతి నాకు తెలిసే ఉంది గాని మా ఇంటికి సంబంధించినదిగా ఎన్నడూ తోచలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా వర్తకులు పశ్చిమాఫ్రికా తీరంలో మనుషులను కొన్నది బంగారంతో కాదు. తుపాకులు, సారాయి, ఇనుము, పూసలు, అన్నిటికంటే ముఖ్యంగా బట్ట. ఆ బట్టలో పెద్ద భాగం భారతదేశపు నూలు. కోరమాండల్ తీరపు గళ్ళబట్ట, నీలిబట్ట అక్కడి కొనుగోలుదార్లకు ఎంత ప్రీతిపాత్రమంటే, ఇంగ్లండులో నేసిన నకలును వాసన చూసి, తడిపి చూసి తిరగ్గొట్టేవారు. మన తీరపు మగ్గాలమీద నేసిన బట్ట లండనుకు, అక్కడినుంచి గినీ తీరానికి చేరేది. దానికి బదులు ఓడ ఎక్కినవారు జమైకా చెరకు తోటలలో దిగేవారు. నేసినవాడికి ఇదేదీ తెలియదు. అతడూ దుబాసీల అప్పులో చిక్కినవాడే. అయినా లెక్కలో ఆ బట్ట ఉంది. ఈ కథలో మనం కూలీలుగా, అంటే బాధితులుగా, 1845లో ప్రవేశించామని ఇన్నాళ్ళూ అనుకొన్నాను. అంతకు నూరేళ్ళ ముందే సరుకుగా ప్రవేశించాం.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "రేపు ఊళ్ళోకి వెళ్దాం" అంది.

వెళ్ళేముందు తోటపని చేసే పెద్దాయన ఒకరిని ఏ దారిన వెళ్ళాలో అడిగాము. రోజూ ఉదయం ఆయన మాకు కొబ్బరికాయ కొట్టి ఇచ్చేవాడు. చెట్టునుంచి రాలిన మామిడికాయ ఒకటి ఇచ్చి "నంబర్ లెవెన్" అన్నాడు. 1782లో ఇంగ్లీషువారు పట్టుకొన్న ఫ్రెంచి ఓడలో మామిడి మొక్కలకు అంకెలు వేసి ఉన్నాయట; పదకొండో అంకె మొక్క సంతానం ఇది. పీచు ఎక్కువ, రసం బాగుంది. మా ఆవిడ టెంక చీకేస్తూ, మీ పిల్లలు ఇక్కడ ఈతకు వస్తారా అని ఆయన్ను అడిగింది. ఆయన నవ్వాడు. తాను ఈ ఇసుకలోనే ఈత నేర్చుకొన్నాడట, గోడ లేనప్పుడు. తన మనవలు ఈ ఇసుక మీద కాలు పెట్టలేదు. తాను కూడా నీళ్ళలో దిగి చాలా ఏళ్ళయింది. పనివాళ్ళ గేటు వేరు.

దానికి ఆధారమైన చట్టం వలసపాలన నాటిది. 1956 నాటి బీచి నియంత్రణ చట్టం సముద్రపు అంచును రాణీగారి పరం చేసింది. సామాన్యుడికి సముద్రంలో స్నానమాడే హక్కు ఆ చట్టంలో లేదు; లైసెన్సు గలవాడు అడ్డుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని రద్దు చేయలేదు. ఇటీవలి సంవత్సరాలలో 'బీచి మా జన్మహక్కు' అంటూ కొందరు కోర్టుకెక్కారు. మామీ బే వంటి తీరాల మీద వ్యాజ్యాలు నడుస్తున్నాయి.

ఊళ్ళో ఎక్కువసేపు ఉండలేదు. షార్ప్‌ను ఉరితీసిన చోటు ఇప్పుడు ఆయన పేరిటి కూడలి. మూలన 'ది కేజ్' అనే చిన్న ఇటుక కట్టడం ఉంది. పారిపోయిన బానిసలను బంధించడానికి 1806లో కట్టినది. ఎండ మండిపోతోంది. బండానా బట్ట అమ్మే ఒకావిడ మా చేతి పట్టీలు చూసి ధర రెండింతలు చెప్పింది. మా ఆవిడ బేరమాడలేదు. పెళ్ళినాటినుంచి ఆమె బేరమాడకుండా బట్ట కొనడం నేను చూసినది ఆ ఒక్కసారే. తరువాత రుసుము కట్టి డాక్టర్స్ కేవ్ బీచిలో దిగాము. అక్కడ ఊరివాళ్ళ పిల్లలు ఉన్నారు, అరుస్తూ.

స్పానిష్‌వాళ్ళు రాకముందు ఆ దీవిలో ఉన్న టైనోలు యాభై ఏళ్ళు తిరగకుండానే దాదాపు అంతరించారు. వారి మాటలు కొన్ని ప్రపంచానికి మిగిలాయి. వల ఊయలకు 'హమాకా', మాంసం కాల్చే కర్రల మంచెకు 'బార్బకోవా', పెనుగాలికి 'హురకాన్'. మొదటి రెండూ మా రిసార్టులో ఉన్నాయి. మూడోది 2025 అక్టోబరు 28న వచ్చింది. మెలిస్సా అనే ఆ తుపాను అత్యధిక శ్రేణి బలంతో జమైకా నైరుతి తీరాన్ని తాకి, పశ్చిమ జిల్లాలను చితకగొట్టి పోయింది. కొద్దివారాలకు మా రిసార్టునుంచి ఒక ఈమెయిలు వచ్చింది: ఫలానా తేదీకి తిరిగి తెరుస్తాం, పాత అతిథులకు ధరలో తగ్గింపు.

కొబ్బరికాయ కొట్టి ఇచ్చిన పెద్దాయన సంగతి కనుక్కొందామని జవాబు రాయబోయాను. ఆయన చొక్కాకు పేరుబిళ్ళ ఉండేది. వారంరోజులూ దాని ఎదుట నిలబడే మాట్లాడాను. ఎంత ఆలోచించినా పేరు గుర్తుకు రాలేదు. వంటింట్లో ఉన్న మా ఆవిడను అడిగాను. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.